కారు వెనక కారవాన్ ట్రైలర్: మా బండికి ఎంత బరువు తగును?

హనుమకొండ ప్రయాణికుడు:

అందరికీ నమస్కారం. మేము హనుమకొండలో ఉంటాము. మా దంపతులం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ కలిసి ఐదుగురం. సెలవుల్లో రామప్ప, లక్నవరం, బొగత వైపు వెళ్లినప్పుడల్లా రాత్రి బసకూ మరుగుదొడ్డికీ అమ్మ ఇబ్బంది పడుతున్నందున, పడకలు, చిన్న వంటగట్టు, మరుగుదొడ్డి ఉన్న ఒక కారవాన్ ట్రైలర్ కొని మా బండికి తగిలించుకుని వెళ్లాలని ఆలోచిస్తున్నాము. మాది డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న ఏడు సీట్ల ఎస్‌యూవీ. మేము చూసి వచ్చిన ట్రైలర్‌కు ఒకటే ఇరుసు ఉంది, ఖాళీ బరువు 750 కిలోలు.

మీ ఇంజిన్ రెండు టన్నులైనా లాగుతుంది, 750 కిలోలు దానికొక లెక్క కాదు అని అమ్మకందారు అంటున్నారు. ఇంజిన్ లాగగలదా లేదా అన్నది ఒక్కటే చూసుకుంటే సరిపోతుందా అని నాకు అనుమానంగా ఉంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చో రాయలేదు. ఏయే బరువులు చూడాలి, వాటిని మన ఊళ్లో ఎక్కడ తూయించుకోవాలి, బ్రేకుల సంగతి ఏమిటి అన్నవి తెలిసినవారు దయచేసి వివరించండి. మున్ముందు నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మీదుగా కుంటాల వెళ్లాలని కూడా ఉంది.

కాజీపేట ఇంజినీరు:

మీ అనుమానం సరైనదే. ఈనాటి డీజిల్ ఎస్‌యూవీల్లో తక్కువ తిరుగుళ్లలోనే బలం బాగా వస్తుంది కాబట్టి చదును రోడ్డు మీద టన్ను బరువును కదిలించడం వాటికి కష్టం కాదు, అందుకే అమ్మేవారంతా ఆ ఒక్క మాటే చెబుతారు. కానీ లాగే శక్తి చాలకపోవడానికి ఎంతో ముందే వేరే హద్దులు వచ్చేస్తాయి. బండి మోయగల బరువు, వెనక ఇరుసు మోయగల బరువు, ట్రైలర్ తగిలించే హుక్కు మీద నిలువుగా పడే బరువు, ఆపగల శక్తి అనే ఈ నాలుగింటిలో ఏది ముందుగా నిండితే అదే మీ హద్దు.

ముందుగా ట్రైలర్ ఖాళీ బరువును పక్కన పెట్టండి. కారవాన్‌ను ఎవరూ ఖాళీగా తీసుకెళ్లరు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి 80 లీటర్ల ట్యాంకు నింపితే అక్కడే 80 కిలోలు పెరుగుతాయి. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది. ఇంటి గ్యాస్ సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపితే ముప్ఫై కిలోలకు దగ్గరగా ఉంటుంది. పరుపులు, గిన్నెలు, బియ్యం, మడత కుర్చీలు, ఎండకు కట్టుకునే గుడారం గుడ్డ కలిపితే ఎంతవుతుందో చాలామంది ఊహించరు. ట్రైలర్ చట్రానికి బిగించిన ప్లేటు మీద అది మొత్తం ఎంత బరువు వరకు ఉండవచ్చో రాసి ఉంటుంది. లెక్క ఎప్పుడూ ఆ అంకెతో మొదలుపెట్టాలి.

రెండోది మీ బండి మోయగల బరువు. తయారీదారు ప్లేటు మీద ఉన్న మొత్తం అనుమతి బరువులో నుంచి బండి ఖాళీ బరువును తీసివేస్తే మిగిలినదే మనుషులకు, సామానుకు, హుక్కు మీద పడే బరువుకు కలిపి మీకు దొరికే భాగం. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉంటుందని అనుకోకూడదు. అందులో కొంత హుక్కు ద్వారా మీ బండి మీదికి వస్తుంది, రావాలి కూడా. ఇక్కడొక లెక్క చూడండి. హుక్కు మీద 110 కిలోలు పడుతున్నాయనుకుందాం. వెనక ఇరుసు నుంచి హుక్కు 1.2 మీటర్లు వెనక ఉండి, రెండు ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు ఉంటే, వెనక ఇరుసు మీద పెరిగే బరువు 110 కాదు, దాదాపు 159 కిలోలు. ముందు ఇరుసు మీద 49 కిలోలు తగ్గిపోతాయి. హుక్కు వెనకెక్కడో ఉండి మీటకర్రలా పనిచేస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ముందు చక్రాలు తేలికపడితే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, బ్రేకు వేసినప్పుడు ముందు టైర్లు చేయవలసిన పని పూర్తిగా చేయలేవు, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి లేస్తాయి.

విదేశాల అంకెలు చూసి నిర్ణయించుకోకండి. మహీంద్రా స్కార్పియోకు ఆస్ట్రేలియాలో 2,500 కిలోల హద్దు చెబుతారు, అయితే అది బ్రేకులున్న ట్రైలర్‌కే, బ్రేకులు లేకపోతే 750 కిలోలే. అక్కడి బండికి అక్కడి హుక్కు, అక్కడి పరీక్షలు వర్తిస్తాయి. ఇక్కడి బండికి బయట వెల్డింగ్ చేయించిన హుక్కుకు ఆ అంకె వర్తించదు.

కొత్తవారికి బ్రిటన్‌లోని కారవాన్ సంఘాలు ఒక సలహా ఇస్తాయి. సామానుతో కలిపి ట్రైలర్ అత్యధిక బరువు, లాగే కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదని. అది చట్టం కాదు, పై హద్దులకు బదులుగా వాడుకోదగినదీ కాదు. బండి కన్నా ట్రైలర్ బరువెక్కితే వెనకది ముందుదాన్ని ఆడిస్తుందన్న అనుభవం నుంచి వచ్చిన జాగ్రత్త అది. మన రోడ్ల మీద, మన బండ్లకు నేనైతే యాభై శాతం దగ్గరే ఆగమంటాను.

టెక్సాస్ నుంచి నర్సంపేటవాసి:

మాది నర్సంపేట. ప్రస్తుతం డాలస్ దగ్గర ఉంటూ పికప్‌తో ట్రావెల్ ట్రైలర్ లాగుతున్నాను. కాజీపేట ఇంజినీరు గారు చెప్పిన మాట ఇక్కడి పెద్ద బండ్లకు కూడా అక్షరాలా వర్తిస్తుందని చెప్పడానికి రాస్తున్నాను.

ఇక్కడ తయారీదారులు లాగుడు సామర్థ్యాన్ని ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం లెక్కిస్తారు. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు మీద, మండుటెండలో ఏసీ పూర్తిగా వేసి, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కగలగడం అందులో ఒక పరీక్ష. 2011 మోడల్ టండ్రా పికప్‌తో టయోటా ముందుగా దీన్ని పాటించింది, మిగిలినవారు తరువాత వచ్చారు. ప్రమాణం మంచిదే, కానీ ఆ లెక్కలో బండిలో ఉండేది 150 పౌండ్ల చొప్పున ఇద్దరు మనుషులు మాత్రమే. కుటుంబమూ సామానూ ఎక్కగానే ప్రకటనలోని అంకెకు అర్థం మారిపోతుంది.

ఒక ఉదాహరణ ఇస్తాను. పికప్ లాగుడు సామర్థ్యం 9,000 పౌండ్లు, అంటే 4,080 కిలోలు అనుకోండి. డ్రైవర్ తలుపు పక్కన ఉన్న స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు దాటవద్దని ఉంది. ట్రైలర్ నిండు బరువు 7,000 పౌండ్లు. ఇది సామర్థ్యం కన్నా 2,000 పౌండ్లు తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 13 శాతం చొప్పున హుక్కు మీద 910 పౌండ్లు, నలుగురు మనుషులు 600 పౌండ్లు, హుక్కు సామగ్రి 80 పౌండ్లు కలిపితే 1,590 అవుతుంది. ట్రంకులో ఒక్క సంచీ పెట్టకముందే స్టిక్కర్ హద్దు దాటిపోయింది. ఇక్కడ కొత్తగా కొనేవారిలో ఎక్కువమంది ఆగిపోవలసి వచ్చేది ఈ చోటే.

హుక్కు బరువు సంగతి కూడా చెప్పాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలని ఇక్కడి నియమం. అది తగ్గితే, అంటే బరువు ఇరుసు వెనక ఎక్కువైతే, వేగం పెరిగినప్పుడు ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలవుతుంది. నీళ్ల ట్యాంకు వెనక ఉన్నా, సైకిళ్లను వెనక గోడకు తగిలించినా ఈ ప్రమాదం వస్తుంది. ఊగుతున్నప్పుడు వేగం పెంచి దాన్ని సర్దాలని చూడకూడదు, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పకూడదు, కారు బ్రేకును గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్‌ను నిలకడగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. విద్యుత్ బ్రేకులు ఉంటే ట్రైలర్ బ్రేకును మాత్రం చేత్తో వేయాలి. బరువు పంచే ప్రత్యేకమైన హుక్కు ఒకటి ఇక్కడ దొరుకుతుంది. అది వెనక ఇరుసు మీది భారంలో కొంత ముందు ఇరుసుకు తిరిగి చేరవేస్తుంది. అయితే బండి మోయగల మొత్తం బరువును అది పెంచదు.

కాజీపేట ఇంజినీరు:

నర్సంపేట అన్నగారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఒక్క శాతం విషయంలో మాత్రం చిన్న సవరణ. 10 నుంచి 15 శాతం అన్నది అమెరికా ట్రైలర్ల కట్టుబడికి, అక్కడి వేగాలకు సరిపోయిన నియమం. యూరప్‌లో కారవాన్‌లకు 5 నుంచి 7 శాతం చాలంటారు. అక్కడ బరువైన సామాన్లన్నీ ఇరుసుకు దగ్గరగా అమర్చి కడతారు, ట్రైలర్‌తో వెళ్లే వేగాలు కూడా తక్కువ. అందుకే అక్కడి చాలా కార్లకు హుక్కు మీద 75 నుంచి 100 కిలోలు దాటవద్దని హద్దు ఉంటుంది.

మన దగ్గర అమ్మే చిన్న ట్రైలర్లలో కొన్ని ఆ పద్ధతికి, కొన్ని ఈ పద్ధతికి దగ్గరగా ఉంటాయి. ఒక్కోసారి రెండింటికీ దూరంగా, చేతికొచ్చినట్టు కట్టినవీ కనిపిస్తాయి. కాబట్టి హుక్కు తయారీదారు ఇచ్చిన నిలువు బరువు హద్దును ముందు తెలుసుకుని, దాన్ని దాటకుండా, అలాగని మరీ తక్కువకు పోకుండా, దాదాపు 10 శాతం పడేలా సామాను సర్దుకోవాలి. హద్దు 100 కిలోలైతే పది శాతం లెక్కన ట్రైలర్ నిండు బరువు టన్ను దాటకూడదని మీకు ఇట్టే తెలిసిపోతుంది. హుక్కు మీద ఏ హద్దూ ముద్రించి లేకపోతే ఆ హుక్కునే కొనవద్దు.

ఇంకో చిన్న విషయం ఉంది. హుక్కు గుండు 50 మిల్లీమీటర్లదా, రెండు అంగుళాలదా అన్నది చూసుకోండి. రెండు అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు, కానీ ట్రైలర్ మూతికి ఉండే 50 మిల్లీమీటర్ల కప్పు దాని మీద సరిగ్గా కూర్చోక తాళం పడకపోవచ్చు.

పరకాల రైతు:

నేను కారవాన్ ఎన్నడూ లాగలేదు, ట్రాక్టర్ ట్రాలీ మాత్రం చిన్ననాటి నుంచి నడుపుతున్నాను, ఆ అనుభవంతో రెండు మాటలు చెబుతాను. రెండు చక్రాల ట్రాలీలో వడ్ల బస్తాలను ముందుకు ఎక్కువగా పేరిస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలుతాయి, వెనకకు ఎక్కువగా పేరిస్తే ట్రాలీ మూతి పైకి లేచి వెనక టైర్ల పట్టు పోతుంది. పత్తి లోడు అయితే బరువు తక్కువే, కానీ ఎత్తు, వెడల్పు ఎక్కువై గాలికి బండిని తోస్తుంది. మీ కారవాన్ కూడా ఎత్తైన డబ్బానే కాబట్టి ఎదురుగా లారీ దూసుకుపోయినప్పుడు ఆ గాలి దెబ్బకు సిద్ధంగా ఉండండి.

బ్రేకులు లేని ట్రాలీ దిగుడులో ట్రాక్టర్‌ను వెనక నుంచి నెడుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమో, దిగేటప్పుడు కూడా అదే గేరులో దిగాలని మా నాయన నేర్పారు. కొండ నడుమకు వచ్చాక గేరు వెతుక్కోవద్దు, దిగుడు మొదలుకాకముందే వేసుకోవాలి. పిన్నుకు తాళం, దానికి తోడు గొలుసులు తప్పనిసరిగా ఉండాలి. రివర్సు చేయడం మాత్రం ఎవరి మాటలతోనూ రాదు, ఖాళీ మైదానంలో నేర్చుకున్న తరువాతే రోడ్డెక్కండి.

వరంగల్ న్యాయవాది:

కాగితాల విషయం ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ఇచ్చిన నిర్వచనంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. కాబట్టి కారుకు ఉన్న నంబరు ట్రైలర్‌కు సరిపోదు, దానికి వేరుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ కారు బీమా ట్రైలర్‌కు వర్తిస్తుందని కూడా అనుకోవద్దు, బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. రిజిస్ట్రేషన్‌కు పనికివచ్చే కాగితాలు అమ్మకందారు ఇవ్వగలరా అన్నది డబ్బు చెల్లించక ముందే, ఆ కాగితాల నకళ్లతో మీ రవాణా కార్యాలయంలో అడిగి చూసుకోండి. కారు చట్రానికి మార్పులు చేయించే ముందు కూడా అదే పని చేయండి.

హనుమకొండ ప్రయాణికుడు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు ప్లేట్లు చూశాను. మా బండి మొత్తం అనుమతి బరువు 2,600 కిలోలు, ఆర్‌సీలో ఖాళీ బరువు 2,030 కిలోలు. మా ఐదుగురి బరువు కలిపి 267 కిలోలు, కారులో పెట్టే సామాను 60 కిలోలు ఉండవచ్చు. ట్రైలర్ ప్లేటు మీద అత్యధిక బరువు 950 కిలోలని ఉంది. అందులో 80 లీటర్ల నీళ్ల ట్యాంకు, పెద్ద బ్యాటరీ, ఇంటి సిలిండర్ పెట్టుకోవాలని అనుకున్నాము. ట్రైలర్‌కు బ్రేకులు లేవు, ఈ సైజుకు అవసరం లేదని అమ్మకందారు అంటున్నారు.

కాజీపేట ఇంజినీరు:

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 2,600లో నుంచి 2,030 పోతే 570 కిలోలు. మనుషులు 267, సామాను 60, హుక్కు చట్రం ఇనుము ఒక 25 కలిపితే 352. ఇంకా 218 కిలోలు మిగులుతాయి, హుక్కు మీద వంద కిలోలు పడినా మీ బండి మొత్తం బరువు హద్దులోనే ఉంటుంది. వెనక ఇరుసు హద్దును మాత్రం విడిగా సరిచూడాలి, ఎందుకంటే మూడో వరుస సీటు వెనక పెట్టే సామాను కూడా అక్కడే పడుతుంది. బరువైన సంచులను రెండో వరుస కాళ్ల దగ్గరికి జరపండి.

చిక్కు మీ బండిలో లేదు, ట్రైలర్‌లో ఉంది. 750కి నీళ్లు 80, బ్యాటరీ 55, సిలిండర్ 30, పడకలూ గిన్నెలూ తిండి సామానూ 70, గుడారమూ బల్లా కుర్చీలూ 35 కలిపితే 1,020 కిలోలు అవుతుంది. దాని హద్దు 950 మాత్రమే. ఒకే ఇరుసు, రెండే టైర్లు ఉన్నదాని మీద 70 కిలోలు అదనంగా వేసుకుని మే నెల ఎండలో, 45 డిగ్రీల వేడిలో జాతీయ రహదారి మీద వెళ్తే టైరు పగలడానికి మీరే దారి వేసినట్టు. నీళ్లు 20 లీటర్లే పెట్టుకుని మిగిలినవి చేరిన చోట నింపుకోండి, ఇంటి సిలిండర్ బదులు 5 కిలోల గ్యాస్ పట్టే చిన్న సిలిండర్ వాడండి. అప్పుడు 942 దగ్గరికి వస్తుంది. హద్దుకు ఇంత దగ్గరగా ఉండటం నాకు నచ్చదు కాబట్టి, అమ్మకందారు చెప్పిన 750 నిజమో కాదో కూడా తూయించే నమ్మాలి. ఏసీ, గుడారం పట్టాలు వంటివి తరువాత బిగించి ఖాళీ బరువు పాతదే చెప్పడం మామూలే.

బ్రేకుల విషయంలో రాజీ పడకండి. యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండి తీరాలి. మీది నిండుగా 940 ఉంటుంది. గంటకు 60 నుంచి 80 కిలోమీటర్లకు వేగం పెరిగితే ఆపవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది, ఆ భారమంతా మీ కారు డిస్కుల మీదే పడుతుంది. కారు వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు తోసే ఒత్తిడితోనే దాని బ్రేకులు పడే యాంత్రిక పద్ధతి ఉంది, విద్యుత్ అవసరం లేదు, మీ సైజుకు అది చాలు. హుక్కు ఊడితే ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పడేలా లాగే తీగ కూడా దానికి ఉండాలి. మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు పరకాల అన్నగారు చెప్పిన గేరు పద్ధతినే పాటించండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి సూచిక పైకి పోతుంటే ఏసీ ఆపి, వేగం తగ్గించి, చిన్న గేరులో వెళ్లండి.

తూకం సంగతి అడిగారు కదా. ఏనుమాముల మార్కెట్ వైపు ధాన్యం, పత్తి లారీలను తూచే వే బ్రిడ్జి కాంటాలు ఉన్నాయి, తక్కువ రద్దీ ఉన్న వేళ చూసుకుని వెళ్లండి. మీరంతా కూర్చుని, సామాను పెట్టి, ముందు కారును ఒక్కదాన్నే తూయించండి. తరువాత ట్రైలర్ తగిలించి, కారు నాలుగు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా నిలిపి తూయించండి, చివరగా మొత్తాన్ని కలిపి తూయించండి. మూడో అంకెలో నుంచి మొదటిది తీసేస్తే ట్రైలర్ అసలు బరువు వస్తుంది, రెండోదానిలో నుంచి మొదటిది తీసేస్తే హుక్కు మీద పడుతున్న బరువు వస్తుంది. లారీ కాంటాలు ఐదు, పది కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి హుక్కు బరువును బస్తాలు తూచే చిన్న కాంటా మీద మళ్లీ చూడటం మంచిది. ట్రైలర్‌ను చదును నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, మామూలుగా హుక్కు ఉండే ఎత్తుకు సరిపోయే చెక్కదిమ్మెను కాంటా మీద నిలబెట్టి, దాని మీద ట్రైలర్ మూతిని ఆనించండి. 90 నుంచి 100 మధ్య వస్తే సామాను సర్దుడు కుదిరినట్టే. తక్కువ వస్తే బ్యాటరీని ఇరుసు ముందుకు జరపండి.

వెనక ఇరుసు అనుమతి బరువు, హుక్కు మీద ముద్రించిన హద్దు, ట్రైలర్ ఖాళీ తూకం చీటీ, ఈ మూడూ తెచ్చి ఇక్కడ పెట్టండి, మిగిలిన లెక్క చూసి చెబుతాను. బ్రేకులు బిగించి ఇస్తామని అమ్మకందారు రాసి ఇచ్చే వరకు బయానా మాత్రం ఇవ్వకండి.